పొగవాసన

ఈ పత్రికను చదువు గృహస్థులలో మద్యమును ముట్టనివారే యెక్కువ. తాము ముట్టకుండుటయే గాక, పొరుగువారిచేతను మాన్పింపవలెనని పాటుపడిన కుటుంబములవారును కలరు. అట్టివారి యెదుట స్కాట్లండు దేశపు విస్కీలలోని రుచిభేదములను ముచ్చటింపబూనుట సాహసమే యగును. మేమును అట్టి యింటనే పుట్టితిమి. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో స్త్రీలు సారా దుకాణములపై తిరుగబడినపుడు మా యక్క తన యూరి స్త్రీలతో గూడి చీపురుకట్ట చేతబట్టి వీధికెక్కెను. మరుసటి యేట అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా యమ్మకమే నిషిద్ధమయ్యెను. 1995లో తక్కిన మద్యమును నిషేధింపబడి, 1997లో ఆ నిషేధము సడలిన కథ చదువరులెరిగినదే. అంతటి యక్కకు తమ్ముడైనవాడు సాయంకాలమున గ్లాసులు వరుసగ పెట్టుకొని, ఒక్కొక్కదానిని ముక్కునకు జేర్చి, పుస్తకములో నేమో వ్రాసికొనుచుండుట చూచినవారు ఏమనుకొందురో మేమూహింపగలము. అయినను మేమిపుడు చెప్పబోవునది త్రాగుడును గూర్చి కాదు, పొగను గూర్చి. పొగను గూర్చి మన యాడువారికి తెలిసినంతగా లోకములో మరెవ్వరికిని తెలియదని మా నమ్మకము.

ముందుగా ఆ పొగ యెచ్చటిదో చెప్పవలెను. స్కాట్లండునకు పడమట, సముద్రములో ఐలా యను ద్వీపమొకటి కలదు. వైశాల్యము సుమారు 620 చదరపు కిలోమీటర్లు. జనము మూడువేలకు కొంచెము పైన. అచట చెట్లు తక్కువ, రాతిబొగ్గు లేదు, వానకు మాత్రము కొదువ లేదు. ఆ తడినేలలలో నాచును, తుంగయు, హెదరను పొదలును చచ్చి నీట మునిగి, గాలి సోకక, పూర్తిగ కుళ్లకయే యేటేట పొరలుగ పేరుకొని, నల్లని మెత్తని మట్టివలె నగును. దానిని పీటందురు. రాతిబొగ్గునకు అది బాల్యదశ యనవచ్చును. పీటు ఏటికి సుమారొక మిల్లీమీటరు చొప్పున పెరుగును గనుక, మీటరు లోతున పారదింపినవాని చేతికి వచ్చునది వేయేండ్ల క్రిందటి గడ్డి. దానిని ఇటుకలవలె కోసి, గాలికి నిలబెట్టి యెండించి, పొయ్యిలో పెట్టుదురు. చూచుటకును, మండుటకును, అన్నిటికిని మించి పొగ చిమ్ముటకును అది మన పిడకకు సాక్షాత్తు అన్నగారు.

విస్కీకి మూలధాన్యము బార్లీ, అనగా మన యవలు. యవలను నానబెట్టి మొలకెత్తించి, మొలక సాగిపోక మునుపే ఆరబెట్టవలెను. దానినే మాల్టందురు. ఐలావారికి ఆరబెట్టుటకు పీటు మంట తప్ప వేరు గతి యుండెడిది కాదు. తడియారని గింజ పొగను పీల్చుకొనును; పూర్తిగ నారిన గింజ పీల్చదు. కావున పొగబెట్టుట మొదటి కొన్ని గంటల పని. ఆ పొగలోని ఫీనాలులను పదార్థములు గింజ పొట్టునకు పట్టి, నీటిలో నానినను, పులిసినను, బట్టీలో మరిగినను, పీపాలో యేండ్ల తరబడి నిదురించినను పూర్తిగ వదలవు. తరువాతి కాలమున ప్రధానభూమిలోని బట్టీలవారు రైలుబండ్లు తెచ్చిన బొగ్గునకు మరలి పొగను విడిచిరి. ఐలాలో నది పేదరికపు గుర్తుగా మిగిలి, మన కాలమున గొప్పతనపు గుర్తుగా మారినది. ఇట్టి మార్పులు లోకములో క్రొత్తవి గావు. చేనేత ముతకబట్ట సంగతియు, రాగిసంకటి సంగతియు మన మెరుగుదుము గదా.

ఒకే బట్టీలో, మొలకెత్తిన యవలతో మాత్రమే, కుండ బట్టీలలో కాచి దింపినదానికి సింగిల్ మాల్టని పేరు. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారమది స్కాట్లండులోనే, 700 లీటర్లకు మించని ఓకుకొయ్య పీపాలో, మూడేండ్లకు తక్కువ గాకుండ నుండవలెను. సీసాలో సారము నూటికి 40 పాళ్లకు తగ్గరాదు. చట్టము చెప్పునది దాదాపు ఇంతవరకే. పొగ యెంత యుండవలెనో, ఎట్లుండవలెనో చట్టము చెప్పదు. ఆ ఖాళీలోనే మా కథ జరుగుచున్నది.

మేము ఉద్యోగవశమున గ్లాస్గో నగరమున నాలుగేండ్లుంటిమి. అచటినుండి కెన్నక్రెయిగ్ రేవునకు బోయి ఓడ యెక్కినచో రెండు గంటలకు పైబడి ఐలా చేరుదుము. ఓడ పోర్ట్ ఎలెన్ రేవును సమీపించుచుండగా ఒడ్డున సున్నము కొట్టిన తెల్లని గోడలు మూడు చోట్ల కనబడును. వానిపై నిలువెత్తు నల్లని యక్షరములతో ఆర్డ్‌బెగ్, లాగవులిన్, లఫ్రోయిగ్ అని వ్రాసియుండును. మూడును ఒకే బాటమీద, రేవునుండి అయిదు కిలోమీటర్ల పైచిలుకు దూరములోనే యున్నవి. కాలినడకన పోవుటకు ప్రత్యేకముగ త్రోవ వేసియున్నారు. మూడును 1815, 1816 సంవత్సరములలో పుట్టినట్లు చెప్పుకొనునవే. ఒకే గాలి, ఒకే సముద్రము, ఒకే తీరుమట్టి. మూటి రుచియు నొకటే కావలెనని తర్కమునకు తోచును. కాదు.

ఇచట నొక మూఢవిశ్వాసమును గూర్చి చెప్పక తప్పదు. మూఢవిశ్వాసములు మన దేశమునకే పరిమితములని తలచువారున్నారు. వారికి విస్కీ ప్రియుల సభ నొకదానిని చూపవలెను. మాల్టులో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లు ఫీనాలున్నదో తూచి సంఖ్య వేయుదురు. బోమోర్ మాల్టునకు సుమారు 25, కౌలీలా, లాగవులిన్ మాల్టులకు సుమారు 35, లఫ్రోయిగునకు 40 నుండి 45, ఆర్డ్‌బెగునకు 55. బ్రూక్‌లాడీ బట్టీవారు ఆక్టోమోర్ అను పేర దింపునది నూరు దాటి, ఒకమారు 309కి పోయినది. ఈ సంఖ్యలను జాతకచక్రమువలె కంఠస్థము చేసినవారిని మేమెరుగుదుము. సంఖ్య పెద్దదైన పొగ పెద్దదని వారి సిద్ధాంతము. కాని యా సంఖ్య గింజను తూచినది, గ్లాసును తూచినది కాదు. గింజ పిండియై నానునప్పుడు కొంత పోవును. పొట్టుతో కొంత పోవును. బట్టీలో మఱికొంత పోవును. పీపాలో ఏటేట తగ్గును. మిగులునది యెంతయో, అందులో నే జాతి ఫీనాలు నిలిచినదో సంఖ్య చెప్పదు. పెండ్లికుమారుని పరీక్ష మార్కులను చూచి కాపురమెట్లుండునో నిశ్చయించుట వంటిదే యిది.

కన్నులు చూచినదానిని ముక్కు నమ్ముట సహజము. కావున కన్నులను కట్టివేయవలెనని మా మిత్రుడొకడు ప్రతిపాదించెను. అతడు రసాయనశాస్త్రము చదివినవాడు, తెలుగువాడు, సంఖ్యలయందు మిక్కిలి భక్తి గలవాడు. అతని యింటనే పరీక్ష జరిగినది. అతని భార్య వంటింట తలుపు వేసికొని, ఒక్కొక్క గ్లాసులో రెండు చెంచాల వంతున పోసి, అడుగున కాగితముపై అంకె మాత్రము వేసి, బల్లమీద తెచ్చి పెట్టెను. ఏది యేదో ఆమెకు తప్ప తెలియదు. మా ప్రక్కన ఉమ్మివేయుటకొక గిన్నె, కడుగుకొనుటకు మంచినీళ్లు. గ్లాసు తులిప్ పూవువలె నడుము పెద్దదై మూతి సన్ననిదై యుండవలెను. వాసన పైకెగసి పోక అందులోనే నిలుచును. ముక్కును లోపలికి దూర్చరాదు, సారపు ఘాటునకు ముక్కు మొద్దుబారును. నోరు కొంచెము తెరచి, దూరమునుండి మెల్లగ దరికి తెచ్చుకొనవలెను. పిమ్మట నీరు కొన్ని చుక్కలు వేయవలెను. నీరు చేర్చిన వాసన పైకి వచ్చునని పూర్వమునుండి యనుభవమే గాని, 2017లో స్వీడను దేశపు లినేయస్ విశ్వవిద్యాలయమువా రిద్దరు దానికి కారణము లెక్కగట్టి చూపిరి. గ్వాయకోల్ అను పొగవాసన పదార్థము, సారము చిక్కగ నున్నపుడు లోలోపల దాగియుండి, నూటికి 45 పాళ్లకు దిగునప్పటికి పైపొరకు చేరునట. బీరువాలో నున్న చీరె పెండ్లినాడు పైకి వచ్చినట్లు.

మొదటి గ్లాసులో పొగ యున్నదా లేదా యని తడుముకొనవలసి వచ్చెను. తేనె, పూలు, వెనుక నెక్కడనో దూరపు చేలలో తగులబెట్టిన కంపవాసన. త్రాగనివారైనను మొగము చిట్లించుకొనరు. అది బోమోర్.

రెండవది మాకు చిరకాలము జ్ఞాపకముండును. తెల్లవారుజామున వంటింటిలోనికి మొదట అడుగుపెట్టినవారికి తెలిసిన వాసన యొకటి కలదు: రాత్రి చల్లారిన పొయ్యిలోని బూడిద. మంట లేదు, వేడి లేదు. మంట యుండెనని చెప్పు జాడ మాత్రముండును. దానిపై నిమ్మతొక్క గీసినట్లు పచ్చిపులుపు, సముద్రపు గాలికి తడిసిన రాతివాసన. నాలుకమీద నూనెవలె జారును. కౌలీలా యిది, పండ్రెండేండ్లది.

మూడవదానిలో పొగ పైకి గుప్పుమని రాలేదు. మెల్లగ, పొడవుగ, దట్టముగ వచ్చెను. ఎండుద్రాక్ష, పాతబడిన తేయాకు, నేయి పడిన సమిధలు హోమగుండమున నడిరేయి వరకు మండినపుడు ఉత్తరీయమునకు పట్టు వాసన. మ్రింగిన గుటక ఎక్కడికి పోయెనో గాని పొగ మాత్రము నోటిలోనే కూర్చుండి యుండెను. లాగవులిన్, పదునాఱేండ్లది.

నాలుగవదానిలో క్రొత్తగ తారువేసిన బాట, దానిప్రక్కన దబ్బకాయ కోసినట్లు, ఆ రెంటి వెనుక ఆశ్చర్యముగ పాలకోవా తీపి. పొగ యున్నది, గట్టిగనే యున్నది, కాని అంచులు గుండ్రముగ నున్నవి. అది ఆర్డ్‌బెగ్.

అయిదవ గ్లాసు ముక్కు దరికి వచ్చినంతనే మిత్రుడు కుర్చీలో వెనుకకు జరిగెను. ఫినాయిలుతో కడిగిన వసారా, అయోడిన్ టించరులో ముంచిన గుడ్డ, ఒడ్డున కొట్టుకొనివచ్చి యెండకు మురుగుచున్న సముద్రపు నాచు. ఇట్టిదానిని డబ్బిచ్చి కొనువారున్నారా యని మొదటిమారు వాసనజూచినవారందరు అడుగుదురు. ఉన్నారు, మిక్కిలి యభిమానముతో కొనువారున్నారు. లఫ్రోయిగ్ యిది.

పొగ యెక్కువ తక్కువలనుబట్టి వరుస పెట్టుమనగా మిత్రుడు అయిదవదానిని శిఖరమున నిలిపి నాలుగవదానిని దాని క్రింద పెట్టెను. 55 సంఖ్య గలది 45 సంఖ్య గలదానికి లోబడినది. రెండు మూడు గ్లాసుల మాల్టు ఒకేచోటిది కానేరదని ప్రమాణము చేసెను. ఆమె కాగితములు తిరుగవేసి పేర్లు చదివినపుడు ఆయన మొగము చూడదగియుండెను. ఏలయన, కౌలీలా, లాగవులినుల మాల్టు ఒకే యజమాన్యమువారిదైన పోర్ట్ ఎలెన్ మాల్టు శాలనుండి, అది 1973లో పెట్టినది, దాదాపు ఒకే మోతాదు పొగతో రెంటికిని పోవుచున్నది. గింజ యొకటే, పొగ యొకటే. వచ్చినవి మాత్రము సవతిబిడ్డలవలెనైన పోలికలేని రెండు.

భేదము రాగిబానలో పుట్టుచున్నది. ఇది మా చదువరులలో పప్పుచారు కాచువారందరికి సులభముగ బోధపడును. లాగవులినులో బానలు బేరికాయ ఆకారమున పొట్టిగ నుండును. వానిని దాదాపు నిండుగ నింపి, మిక్కిలి మెల్లగ కాతురు. బరువైన యావిరి గూడ ఎగిరి గొట్టము దాటును. కౌలీలాలో బానలు పొడవు, నింపుట తక్కువ. పైన ఖాళీ యుండుటచే బరువైన యావిరి రాగిగోడకు తగిలి చల్లబడి మరల క్రిందికి జారును. తేలికైనది మాత్రము దాటిపోవును. ఆర్డ్‌బెగులో బాన మెడకు చిన్న గొట్టమొకటి యమర్చిరి; బరువైనదానిని పట్టి తిరిగి బానలోనికి పంపుటయే దాని పని. ఆ తీపియు, గుండ్రదనమును దాని చలువ. ఇక అన్నిటికన్న ముఖ్యమైనది యొకటి: బట్టీనుండి దిగు ధారను ఎక్కడినుండి యెక్కడివరకు పట్టుకొనవలెనను నిర్ణయము. ఫీనాలులలో బరువైనవి ధార చివరకు వచ్చును. ముందుగ నాపినవానికి పొగ తక్కువ, ఆలసించినవానికి ఎక్కువ. మఱియు నాలసించినచో పాడువాసనలు వచ్చును. లఫ్రోయిగ్ వారు ముందు వచ్చు పండ్లవాసన ధారను చాలసేపు విడిచివేసి, చివరిదానిని పట్టుదురు. కావుననే తీపి తగ్గి మందువాసన మిగిలినది.

మందువాసన యన్నమాట యుపమానము గాదు. ఫీనాలునకు వైద్యులు వాడిన పాతపేరు కార్బాలిక్ ఆమ్లము. 1865లో గ్లాస్గో రాయల్ ఆసుపత్రిలోనే జోసఫ్ లిస్టరను శస్త్రవైద్యుడు, బండిచక్రము క్రింద కాలువిరిగిన బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డ చుట్టి, కుళ్లు పట్టకుండ మాన్పెను. 1867లో ఆ పద్ధతిని లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. అంతకు మునుపు విరిగిన యెముక చర్మమును చీల్చుకొని వచ్చినచో కాలు తీసివేయుటయో, ప్రాణము పోవుటయో జరుగుచుండెను. లోకములోని ఆసుపత్రులన్నియు ఆ వాసన పట్టుటకు మొదలట. బ్రిటిషు దొరల దవాఖానాలతో పాటు ఆ వాసన మన జిల్లాల తాలూకా కేంద్రములకు వచ్చినది. లఫ్రోయిగును మూతివిప్పినపుడు మనకు ఆసుపత్రి తలపునకు వచ్చుట మనస్సు చేయు మాయ గాదు. పొగలోను, గుడ్డలోను నున్నది ఒకే కుటుంబపు పదార్థము.

ఒకరి రుచిని మఱియొకరు కొల్లగొట్టవచ్చునా యను ప్రశ్నకు ఐలా చరిత్రలో చక్కని జవాబున్నది. లాగవులిన్ యజమానియైన పీటర్ మెకీకి లఫ్రోయిగును అమ్మిపెట్టు హక్కుండెడిది. 1907లో అది చేజారెను. కోపించి, 1908లో తన యావరణలోనే మాల్ట్ మిల్ అను రెండవ బట్టీ కట్టించి, లఫ్రోయిగు బానలవంటి బానలే పోయించి, ఆ రుచినే దింపబూనెను. యవలవే, మట్టియదే, పొరుగు అదే. వచ్చినది లఫ్రోయిగు మాత్రము కాలేదు. 1962వరకు ఆ బట్టీ నడచి మూతపడెను. అత్తగారి కొలతలన్నియు వ్రాసికొని పోయిన కోడలి చేత ఆ గోంగూరపచ్చడి రాకపోవుటను చూచినవారికి ఇది వింత గాదు.

ఆ లఫ్రోయిగునే 1954నుండి నడపినది ఒక స్త్రీ యని తెలిసినపుడు మాకు కలిగిన సంతోషమును దాచుకొననేల? బెస్సీ విలియమ్సన్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివి, 1934 వేసవిలో కొన్ని నెలల టైపు పనికై ఐలాకు వచ్చెను. యజమాని ఇయన్ హంటరునకు 1938లో పక్షవాతము తగులగా క్రమముగ పెత్తనము ఆమె చేతికి వచ్చెను. సంతానములేని యా యజమాని 1954లో మరణించుచు బట్టీని ఆమె పేర వ్రాసెను. 1972లో విశ్రాంతి తీసికొనువరకు ఆమె యుండెను. ఉద్యోగము కొన్ని నెలలదేయని పంపిన తలిదండ్రులు ఏమనుకొనిరో!

ఇంతవరకు పొగలోని సొగసును చెప్పితిమి. రెండవ ముఖమును చెప్పకున్న నేరమగును. స్కాట్లండునకే చెందిన లూయిస్ ద్వీపమున ఆర్నల్ అను గ్రామములో 42వ నంబరు నల్లయిల్లును మ్యూజియముగ నుంచినారు. మేము పోయి చూచితిమి. మందమైన రాతిగోడలు, గడ్డికప్పు, నడియింట నేలమీద పీటు మంట. పొగగొట్టము లేదు. పొగ యిల్లంతయు తిరిగి, కప్పులోని గడ్డి సందులగుండ బయటికి పోవలెను. ఒకే కప్పు క్రింద ఒక ప్రక్క పసులు, ఒక ప్రక్క మనుష్యులు. ఆ యింటిలో 1966వరకు కాపురముండిరి. ఇప్పటికిని చూడవచ్చినవారికొఱకు మంట పెట్టుచున్నారు. పది నిమిషములకే మా కండ్లు కారినవి. పొయ్యిప్రక్క ముక్కాలిపీటను చూడగా మా యమ్మమ్మ కూర్చున్నట్లే తోచెను. గొట్టముతో పొయ్యి నూదినూది, అరువదేండ్లకే చూపు మందగించి, ఊపిరాడక దగ్గి దగ్గి పోయిన ముసలమ్మ. ప్రపంచారోగ్య సంస్థ లెక్కప్రకారము 2020వ సంవత్సరమున ఇంటి పొయ్యిల పొగవలన మరణించినవారు సుమారు 32 లక్షలు. ఐలా పొగ సీసా ఒకటికి ఆ సంసారములలో నెలకు సరిపడు గ్యాసు వచ్చును.

ఈ లెక్క మాది కాదు, మా యక్కది. పోయిన సంక్రాంతికి ఊరికి పోయినపుడు పెట్టెలో రెండు చిన్న నమూనా సీసాలుండెను. ఒకటి లాగవులిన్, ఒకటి లఫ్రోయిగ్. పెట్టె సర్దుచు ఆమెయే వానిని పైకి తీసెను.

“ఏందిరా అబ్బయ్యా యివి? మందులా?”

నిజము చెప్పితిమి. ఆమె అరవలేదు. వయస్సు డెబ్బది దాటినది. అరచుటకన్న మౌనముగ చూచుటయే పదునని తెలిసికొన్నది. కొంతసేపటికి, “ఏముందో అంత గొప్ప, వాసన చూపించు” అనెను. తాగమని మేమనలేదు, ఆమెయు తాగదు. మంచినీళ్ల గ్లాసు నొకదానిని తెచ్చి అడుగు తడియునంత లాగవులిన్ పోసితిమి. ఆమె ముక్కు దరికి తీసికొనిపోలేదు. చేయి చాచి దూరముననే పట్టుకొని, గాలికి కొంచెము త్రిప్పి, కండ్లు మూసికొనెను. నేర్పించిన వారెవ్వరు?

“దాలి” అనెను. “అమ్మమ్మ దాలిలో పాలకుండ పెట్టేది చూడు, పిడక నిప్పుల్లో పొద్దంతా కాగి ఎర్రమీగడ కట్టేదే, ఆ కుండ అడుగు వాసన. అంతే. కడిగినా పొయ్యేది కాదు.”

మేము పుస్తకము నిండ వ్రాసికొన్న తేయాకులు, ద్రాక్షలు, సమిధలు ఆ యొక్క మాటముందు తేలిపోయినవి. పొగయు, తీపియు, మీగడ చమురును, మాడును, నాలుగును దాలిపాలలో నున్నవి. పిమ్మట రెండవదానిని పోసి యిచ్చితిమి. ఈమారు కండ్లు మూసికొనలేదు. గ్లాసు వెంటనే క్రింద పెట్టెను.

“ఇది అమ్మమ్మ పొయ్యిన ఆస్పత్రి గది.”

మేము నోరు మెదపలేకపోతిమి. ఇంతలో ఆమెయే, “మొదటిది అమ్మమ్మ వంటిల్లు, రెండోది అమ్మమ్మ సావు. రెండూ సీసాల్లో పోసి అమ్ముతుండారు. నువ్వు కొంటుండావు” అనెను.

అక్కా, నీవు చేసినదే అచటి పెద్ద నిపుణులును చేయుదురు, బట్టీలలో మేళవింపు చేయువారు రోజూ పదులకొలది నమూనాలను నీళ్లుపోసి పలుచన చేసి ముక్కుతోనే తేల్చుదురు, నోటబెట్టుట మిక్కిలి తక్కువ, అని చెప్పితిమి. అది సత్యమే. ఆమె ముక్కు వారిలో ననేకుల ముక్కుకు తీసిపోదని గూడ చెప్పితిమి, అదియు సత్యమే.

“ముక్కుతో అయ్యే పనైతే నోట్లో పోసుకోవడం ఎందుకురా?”

నూనెజారుతనము, ఉప్పదనము, చివరివరకు నిలుచు పొగ, ఇవి నాలుకకు గాని తెలియవని బదులు చెప్పితిమి. మా జవాబు మాకు సబబుగనే తోచుచున్నది, ఇప్పటికిని. అక్కకు తోచలేదు. తన యూరిలో దుకాణము మూతపడిన రాత్రి యెన్ని యిండ్లలో ఆడువారు భయము లేక నిదురించిరో లెక్క చెప్పెను. ఇంటి పేర్లతో సహా చెప్పెను. ఆ యిండ్లలో నే యొక్కదానికిని లాగవులిన్ పేరు తెలియదు. రెండు చెంచాలు పోసికొని ఉమ్మివేయువానికిని, కూలి డబ్బంతయు పోసివచ్చి యింటిలో కుండలు పగులగొట్టువానికిని భేదమున్నదని మేమంటిమి. “ఉంది. ఒకడికి డబ్బుంది” అని ఆమె యనెను.

ఆ రాత్రి గ్లాసులు రెండును వసారాలోనే యుండిపోయినవి. ఈ జాతి విస్కీలలో మేము గమనించిన విశేషమొకటి యేమనగా, సారమంతయు ఆరిపోయిన పిమ్మట మరునాటికి వట్టి గ్లాసులో పొగ మఱింత స్పష్టముగ నుండును. బరువైన ఫీనాలులు ఎగిరిపోక గాజునంటి యుండుటయే కారణము. తెల్లవారి లేచి చూతుము గదా, అక్క చింతపండును బూడిదయు గలిపి వానిని తోముచున్నది. తోమి, కడిగి, వాసనజూచి, మరల తోముచున్నది.

“ఆ దాలిదాని పేరేందన్నావు?” అని తలయెత్తకయే యడిగెను.

లాగవులిన్ అంటిమి. వారి గేలిక్ భాషలో మిల్లున్న పల్లమని యర్థమనియు చెప్పితిమి.

“పేరు బాగుండాది” అని, రెండు సీసాల మూతలు తీసి మిగిలినదానిని పెరటి అరటిపాదులో పోసెను.